అవ్వ రాయికి నేను కట్టిన గట్టు

సముద్రానికి తూము ఉంటుందని నేను నమ్మాను. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు నెల రోజులు. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఆ తూము మూసేవాడికి రోజుకొక సున్నుండ చొప్పున లంచం కూడా పంపించాను. అప్పటికి నాకు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. ఎక్కాలు వచ్చు, ఈత వచ్చు, ఎద్దుకు ముకుతాడు కట్టడం వచ్చు. బుద్ధి ఒక్కటే కొంచెం ఆలస్యంగా వచ్చింది. అది ఇంకా దారిలోనే ఉందని మా ఆవిడ అభిప్రాయం.

మొన్న నెల్లూరులో ఒక పెళ్ళికి వెళ్ళాను. పంక్తిలో కూర్చున్నాను. ముక్కూ మొహం తెలియని కుర్రాడొకడు నెయ్యి వడ్డిస్తూ వచ్చి నా ముందు ఆగి, "తూము తాతా, ఇంకొంచెం తెరవమంటావా?" అన్నాడు. పక్కవాళ్ళు పొలమారేలా నవ్వారు. నాకు ఆ పేరు పెట్టినవాళ్ళలో చాలామంది పోయారు. పిలిచినవాళ్ళలో సగంమంది పోయారు. పేరు మాత్రం చేతులు మారుతూ వడ్డించే కుర్రాళ్ళ దాకా వచ్చింది. నెయ్యి మంచిదే కానీ ఆ పూట నాకు రుచించలేదు. ఇంటికొచ్చినా ఆలోచన మాత్రం ఆ రాళ్ళ దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది. అందుకే రాళ్ళ గురించి రాయి అని నాకు నేనే చెప్పుకున్నాను.

మాది మనుబోలు పక్క పల్లె. చెరువు కింద వరి. మా ఊళ్ళో నీళ్ళు వాటంతట అవి కదలవు. నీరుగంటి పలుగు భుజాన వేసుకుని వెళ్ళి తూము ఎత్తితే నీళ్ళు వస్తాయి, దించితే ఆగుతాయి. వంతు తప్పితే తలలు పగులుతాయి. మేము పొలం మడిని కయ్య అంటాం. మా దగ్గర కయ్య ఉన్నవాడికి కయ్యం తప్పదు. అంతా నీటి కోసమే. ఎక్కడైనా నీళ్ళు కదిలాయంటే ఎవడో ఒకడు ఎక్కడో నిలబడి వదిలాడన్నమాట. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. పాలు తెల్లగా ఉంటాయని ఎవరు నేర్పారు గనక?

ఆ వేసవికి నాకు గజ్జి పట్టుకుంది. వేళ్ళ సందుల్లో మొదలై మోచేతుల దాకా పాకింది. మా అమ్మ గంధకం నూరి కొబ్బరినూనెలో కలిపి ఒళ్ళంతా పట్టించేది. నేను నడిచే అగ్గిపెట్టెలా ఉండేవాణ్ణి. బళ్ళో నా పక్కన ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. "సముద్రస్నానం చేస్తే పోతుంది" అని మా నాయనమ్మ తేల్చింది. సెలవులివ్వగానే ఒక సంచిలో రెండు జతల బట్టలు, ఒక డబ్బా నిండా సున్నుండలు సర్ది, మా నాయన నన్ను ముత్తుకూరు దాకా బస్సులో తీసుకెళ్ళాడు. అక్కణ్ణించి ఉప్పు బండి మీద మేనత్త ఊరికి. మా మామ ఉప్పు కొఠారులో గుమాస్తా. ఎటు చూసినా తెల్లటి ఉప్పు మళ్ళు. మళ్ళు చూసి నాకు ధైర్యం వచ్చింది. ఇక్కడా గట్లున్నాయి, నీళ్ళు తిప్పే మడవలున్నాయి. ఇక్కడా నీళ్ళు వదిలేవాడు ఉంటాడు. పండేది ఉప్పయినా సేద్యం సేద్యమే కదా అనుకున్నాను.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. వాకిట్లో ఆరబోసిన ఎండురొయ్యలు, వంటింట్లో పచ్చిమామిడి వేసిన చేపల పులుసు, తలుపుల్లో చెమ్మ ఉప్పు, వీటన్నిటి మధ్య నా గంధకం. అత్త పొద్దున్నే నీళ్ళన్నంలో ఉల్లిపాయ నలిపి, కాల్చిన ఎండుచేప ముక్క పక్కన పెట్టేది. "తినరా, ఈ తిండి తింటే గజ్జి కాదు, గజ్జిని పుట్టించినవాడు కూడా పారిపోతాడు" అనేది.

అత్తకు ఒక్కతే కూతురు. నాకంటే రెండేళ్ళు పెద్దది, వరసకు వదిన. రెండు జడలు, మోకాళ్ళ కిందకు పావడా, చూపులో పోలీసు, నోట్లో ప్లీడరు. ఆ ఊళ్ళో అయిదో తరగతి దాకే బడి. ఆపైన చదవాలంటే నెల్లూరు వెళ్ళి హాస్టల్లో ఉండాలి. పంపాలా వద్దా అని మామ ఊగిసలాడుతున్నాడు. "నిజం చెప్పే పిల్లయితే ఏ ఊళ్ళో ఉన్నా భయం లేదు. ఒక్క అబద్ధం బయటపడిందా, పుస్తకాలు అటక మీదికే" అని ఆయన అన్న మాట ఆ ఇంట్లో శాసనం. ఆ శాసనం కింద కూర్చునే వదిన నాకు సముద్రం తూము సంగతి చెప్పింది.

మన తీరమంతా ఇసకే. రాయి కావాలంటే పడమట కొండల దాకా పోవాలి. కానీ ఆ ఊరికి ఉత్తరంగా, కాలవ సముద్రంలో కలిసేచోట, కొన్ని వందల నల్లరాళ్ళు గుట్టలుగా పడి ఉండేవి. ఎప్పుడో ఎవరో దొరలు రేవు కట్టాలని పడవల మీద తెచ్చి, డబ్బులు చాలకో జబ్బులు చేసో వదిలేసి పోయారట. ముందు ఒక పొడుగాటి ఇసకదిబ్బ అడ్డంగా ఉండడంతో పెద్ద అలలు దాని అవతలే విరిగిపోయేవి. రాళ్ళ దగ్గర నీళ్ళు మాత్రం మా చెరువులా మెల్లగా పెరిగి, మెల్లగా తరిగేవి.

నేను వెళ్ళిన మొదటి మధ్యాహ్నం అమావాస్య. అత్త కునుకు తీస్తుంటే వదిన నన్ను అక్కడికి లాక్కెళ్ళింది. చూస్తూండగానే నీళ్ళు దిగిపోయాయి. నడుములోతు నీళ్ళున్నచోట రాళ్ళ మొదళ్ళు బయటపడ్డాయి.

"వదినా, నీళ్ళెవరు తీసేసినారు?" అన్నాను.

నిజానికి ఆ ప్రశ్న అడిగినందుకే నాకు శిక్ష పడాలి. వదిన నా మొహం ఒకసారి చూసింది. గోతి ఎంత లోతు తవ్వవచ్చో కొలుచుకున్నట్టుంది.

"ఎవురేంది, నీరుగంటి. దిబ్బ అవతల పెద్ద తూముండాది. నీళ్ళు వదలతాడు, మూస్తాడు. రోజుకి రెండుసార్లు."

"మా ఊళ్ళో మాదిరే?"

"అంతకన్నా పెద్దోడు. సముద్రానికి కదా. వాడికి తీపంటే పిచ్చి. ఏమన్నా పంపితే నువ్వొచ్చినప్పుడు నీళ్ళు బాగా దించుతాడు."

మర్నాటి నుంచి రోజుకొక సున్నుండ వదిన పావడా కుచ్చెళ్ళలోకి, అక్కణ్ణించి దిబ్బ అవతలికి వెళ్ళేది. వచ్చేటప్పుడు ఆమె మూతి చుట్టూ మినప్పిండి ఉండేదని ఇప్పుడు గుర్తొస్తోంది. అప్పుడు దాన్ని ఉప్పు పొడి అనుకున్నాను.

నేను మరీ గుడ్డిగా నమ్మలేదు, పరీక్ష పెట్టాను. నీళ్ళు దిగే వేళ కనిపెట్టాను. రోజుకు రెండు గడియల చొప్పున ఆలస్యమవుతోంది. మా ఊరి నీరుగంటి కూడా అంతే, కల్లు తాగినకొద్దీ పొద్దెక్కి లేస్తాడు. దాంతో అనుమానం పూర్తిగా తీరిపోయింది. రెండోసారి నీళ్ళు దిగేది రాత్రిపూటట. అవి ఎవరో వంతు తప్పించి పెట్టుకునే దొంగనీళ్ళని నేనే అర్థం చెప్పుకున్నాను.

ఆ రాళ్ళ మీద ఒక ఊరే ఉండేది. అన్నిటికంటే పైన, ఎప్పుడో గాని తడవనిచోట, మిరియాలంత నల్లనత్తలు పగుళ్ళలో ఒదిగి ఉండేవి. వాటి కింద సున్నంతో చేసినట్టు తెల్లటి బొడిపెలు, ఒక్కొక్కదానికీ నెత్తిన చిన్న తలుపు. నీళ్ళు రాగానే తలుపు తీసి ఈక లాంటి చెయ్యి చాచి అడుక్కునేవి. ఆ కింద పలకలు పలకలుగా ఆల్చిప్పలు. వాటి అంచులు క్షౌరకత్తి కంటే పదును. అడుగున పచ్చటి పాచి, పాచిలో చిన్న గుంటలు. మధ్యాహ్నం నిశ్శబ్దంలో రాళ్ళ లోపలి నుంచి టిక్కు టిక్కుమని శబ్దాలు వచ్చేవి. రాళ్ళు మెటికలు విరుచుకుంటున్నాయని వదిన చెప్పింది. అదొక రకం చిట్టిరొయ్య కొండి విదిలించే చప్పుడని చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. వదిన చెప్పిందే బాగుంది.

ఒక పెద్దరాయి మొదట్లో మా వంటింటి గంగాళమంత గుంట నాకు నచ్చింది. దాన్ని నా కయ్య అనుకున్నాను. అందులో నత్తచిప్పను అద్దెకు తీసుకున్న పీత ఒకటి ఇల్లు మోసుకుని తిరిగేది. గుడ్లు నెత్తిన పెట్టుకున్న బురదచేపలు గుంట గట్టు మీదికి గెంతి కూర్చుని నన్నే చూసేవి. ఒక కొండి విరిగిన నల్లపీత, నేను వేలు పెడితే ఉన్న కొండితోనే సవాలు విసిరేది. అన్నిటికంటే వింత, రాతికి అతుక్కుని విచ్చుకునే మెత్తటి పువ్వులు. అరచెయ్యంత కూడా లేవు. రంగు లేత చింతపువ్వుది. ముట్టుకుంటే అత్తిపత్తిలా ముడుచుకుపోయేవి.

ఆ రాయి ఒక అవ్వది. నిజంగానే ఆమెది. ఆ పక్కనే ఉన్న జాలర్ల పాలెంలో ఒక కట్టుబాటు ఉండేది. ఇంట్లో పడవ ఎక్కే మగవాడు లేని ఆడవాళ్ళకు ఈ రాళ్ళు పంచి ఇచ్చేవారు. పడవ లేనివాళ్ళకు రాయి. ఆ రాతి మీద ఆల్చిప్పలు, పీతలు ఆమెవే. ఒక్కటే షరతు. రాయి బతికి ఉండాలి. గీకి గుండు చేస్తేనో, రాళ్ళ మధ్య గట్టు కట్టి చేపపిల్లల్ని ఆపుకుంటేనో రాయి పోతుంది, వరసలో ఉన్న ఇంకొకామెకు ఇస్తారు. ఏటా ఎండాకాలం చివర అమావాస్య ఆటులో, నీళ్ళు బాగా దిగినప్పుడు, పాలెం పెద్దలు వచ్చి రాయి రాయి చూసి వెళ్ళేవారు.

అవ్వకు పళ్ళు లేవు. మొగుణ్ణీ కొడుకునీ ఒకే గాలివాన తీసుకుపోయిందని అత్త చెప్పింది. అవ్వ మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. చిన్న ఉలితో చిప్ప అంచున ఒక్క దెబ్బ వేస్తే తలుపు తీసినట్టు తెరుచుకునేది. నేను వెళ్ళగానే, "ఏం అబ్బయ్యా, మీ గజ్జి బాగుండాదా?" అని పలకరించేది, అదేదో మా ఇంటి పెద్దమనిషయినట్టు.

"అవ్వా, ఈ పువ్వు పేరేంది?"

"పేరు లేదు సామీ. తినేదానికీ, కరిచేదానికీ తప్ప మేం పేరు పెట్టం."

"నాకు మరి నువ్వు పేరు పెట్టలేదే?"

"నువ్వు ఆ రెండిట్లో ఏదో తేలనీ, పెడతా."

ఒకరోజు చిప్పలోని కండ ఎండుపుల్లల మంట మీద కాల్చి నా నోట్లో పెట్టింది. మా ఇంట్లో అవి తినరు. తిన్నాను. ఉప్పగా, పొగగా, మెత్తగా ఉంది. "మీ అత్తకు చెప్పబాక, నా ఉలి లాక్కుంటాది" అంది. ఆ రుచి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. అత్త లేదు కాబట్టి ఇప్పుడు చెబుతున్నాను.

పౌర్ణమి వచ్చింది. నీళ్ళు మళ్ళీ బాగా దిగుతున్నాయి. నా కయ్యలో నీళ్ళు రెండు రాళ్ళ సందులోంచి కారిపోయి, అడుగున చారెడు మిగిలేవి. పువ్వులు కళ్ళు మూసుకుని వేలాడేవి. బురదచేపలు ఎటో పోయేవి. ఎండ చూస్తే రోహిణి కార్తెది. మా కయ్యల్లో పైరు ఎండుతుంటే మా నాయన మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీరుగంటిని నమ్ముకుంటే సేద్యం సాగదు, ఉన్న నీళ్ళు ఆపుకోవాలి అని ఆయన ఎప్పుడూ అనేవాడు. పైగా నా డబ్బాలో సున్నుండలు అడుగంటాయి. రేపు లంచం ఆగిపోతే వాడు కోపంతో నీళ్ళు మొత్తం తీసేస్తే?

అవ్వ ఆ వారమంతా చిప్పలమ్మడానికి ఊళ్ళు తిరగబోయింది. నేను కాలవ ఒడ్డునుంచి పసుపుపచ్చ బంకమన్ను మోశాను. కొబ్బరిపీచు కలిపి తొక్కాను. ఆ సందుకు అడ్డంగా, మా నాయన కడితే ఎంత కడతాడో అంత గట్టు కట్టాను. పాదంతో చరిచి నున్నగా చేశాను. తర్వాత రెండు రోజులు పోటునీళ్ళు గట్టు మీదుగా పొర్లాయి, గట్టు చెక్కుచెదరలేదు. నీళ్ళు దిగాక కూడా నా కయ్య నిండుగా ఉంది. పువ్వులన్నీ విచ్చుకున్నాయి. జీవితంలో నేను తర్వాత చేసిన ఏ పనికీ అంత పొంగిపోలేదు.

పొంగుకు ఫలితం వెంటనే దక్కింది. దిగేటప్పుడు ఒక ఆల్చిప్ప నా అరికాలిని అంగుళం మేర కోసింది. మర్నాటికి కాలు బూరెలా పొంగింది. అత్త పసుపు, వేపాకు కట్టి మంచం దిగనివ్వలేదు. సముద్రానికి ఆటు, నా కాలికి పోటు. అలా అయిదు రోజులు పడుకున్నాను. పడుకుని కూడా నా కయ్య నిండుగా ఉందన్న సంతోషంతో ఉన్నాను.

ఆరోరోజు పొద్దున కుంటుకుంటూ వెళ్ళాను. రాళ్ళు కనపడకముందే వాసన తగిలింది. కుళ్ళిన చేప వాసన అలవాటైనవాణ్ణే, ఇది వేరు. నా కయ్యలో నీళ్ళు చిక్కబడి, పాచి తెల్లబడి, పైన నురగ తేలుతోంది. చెయ్యి పెడితే కాగునీళ్ళలా ఉన్నాయి. పువ్వులు చీమిడిలా జారిపోయాయి. ఒంటికొండి పీత వెల్లకిలా ఉంది. అద్దె పీత ఇల్లు ఖాళీ చేసి పక్కనే చచ్చిపడి ఉంది. అన్నిటికంటే ఘోరం, పెద్దరాయి మొదలంతా ఆల్చిప్పలు నోళ్ళు తెరిచి ఉన్నాయి. ఏ ఉలీ తగలకుండానే.

అవ్వ ఆ పొద్దునే ఊళ్ళనుంచి తిరిగొచ్చినట్టుంది, నాకంటే ముందే అక్కడ ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని నా గట్టును చేతులతో పీకుతోంది. నన్ను చూసి చెయ్యి ఆపింది.

"ఎంత చక్కగా కట్టినావు అబ్బయ్యా. మా పాలెంలో ఎవురికీ ఈ పని రాదు. పొలమోళ్ళ చెయ్యి ఇది."

నేనూ వంగి మన్ను పీకబోయాను.

"అష్టమి నవమికి పోటు మెత్తబడతాది. నీ గట్టెక్కలేకపోయినాయి నీళ్ళు. కొత్తనీళ్ళు లేకపోతే ఇవి బతకవు. నీళ్ళు నిలిస్తే మీ వరి బతుకుతాది. ఇవి నీళ్ళు వచ్చి పోతేనే బతుకుతాయి."

నేను ఏడుపు మొదలుపెట్టాను. అవ్వ తన తడికొంగుతో నా ముక్కు తుడిచింది. ఆ కొంగుదీ అదే వాసన.

"ఏడవబాక. ఎవురికీ చెప్పబాక కూడా. ఉప్పు ఆఫీసు ఇంటి బిడ్డవి. మీ మామకు మాట వస్తాది."

"మరి నీ రాయి?"

అవ్వ రాయిని చూసింది. ఉలి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దూరంగా ఇద్దరు ఆడవాళ్ళు తమ రాళ్ళ దగ్గర నిలబడి ఇటే చూస్తున్నారు.

ఆ వారం అన్నం సహించలేదు. వదినకు చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది.

"గట్టెందుకు కట్టినావంటే ఏం చెప్తావురా?"

"నీరుగంటి నీళ్ళు తీసేస్తాడని..."

"సచ్చినోడా! నీరుగంటీ లేడు, తూమూ లేదు. నేను ఊరికే చెప్పినా."

నా కాలి కింద ఇసక కదిలింది. తూము లేదన్న బాధ ఒకటి, సున్నుండలు పోయిన బాధ ఒకటి, రెండూ కలిసి వచ్చాయి. "మరి నీళ్ళెందుకు దిగతాయి?" అన్నాను. "నాకేం తెలుసు? అవే దిగతాయి" అంది. మొదటిది అబద్ధమైనా ఈ నిజం కంటే అందులోనే అర్థం ఎక్కువగా ఉందనిపించింది. వదిన నా చెయ్యి పట్టుకుంది. "నా పేరు చెప్పబాకరా. నాయన నన్ను నెల్లూరు పంపడు. నీ కాళ్ళు పట్టుకుంటా." పట్టుకుంది కూడా, అదీ కోసుకున్న కాలే. అబ్బా అన్నాను. ఒప్పుకున్నానని అనుకుంది.

అమావాస్య మధ్యాహ్నం పాలెం పెద్దలు వచ్చారు. తలగుడ్డలు, చేతికర్రలు. ఉప్పు కొఠారు తరఫున మా మామ కూడా వచ్చి నిలబడ్డాడు, ఊరి పంచాయితీలకు ఆయన రావడం మర్యాద. మిగతా రాళ్ళు చూసి అవ్వ రాయి దగ్గరికి వచ్చారు. మొదలు తెల్లగా, ఖాళీ చిప్పలతో పుండులా ఉంది. సందులో నా గట్టు అడుగు పసుపుపచ్చగా ఇంకా అతుక్కునే ఉంది. బంకమన్ను నేను అంత గట్టిగా తొక్కాను మరి.

పాలెం పెద్ద కర్రతో గీరి చూశాడు. "గట్టు కట్టినావా అవ్వా?"

"నేను కట్టలా."

"మరి ఎవురు కట్టినారు? గాలి కట్టిందా?"

అవ్వ తల వంచుకుంది. "నేను కట్టలా. అంతే" అంది.

"ఇన్నేళ్ళలో నీ రాయికి వంక లేదు. ఇప్పుడు చేపపిల్లలకు ఆశపడినావు. కట్టుబాటు కట్టుబాటే అవ్వా. వరసలో ఇంకో తల్లుండాది, ఇద్దరు బిడ్డలతో." ఆయన గొంతులో కోపం లేదు. అందుకే ఇంకా భయమేసింది.

అవ్వ ఉలి రాతి మీద పెట్టింది. ఇచ్చేయడానికి పెట్టినట్టు పెట్టింది.

నేను ఎలా ముందుకు వచ్చానో తెలియదు. మామ నా రెక్క పట్టుకోబోతే జారిపోయాను, ఒంటికి రాసుకున్న నూనె ఒక్కసారన్నా పనికొచ్చింది.

"గట్టు నేనే కట్టినా" అన్నాను.

పెద్ద నన్ను కిందనుంచి పైదాకా చూశాడు. "అవ్వ చెప్పమందా?"

"లేదు. చెప్పబాక అనింది."

"ఎందుకు కట్టినావు?"

"నీళ్ళు పోకుండా."

"ఎందుకు పోతాయి?"

ఇక దాపరికం అనవసరం, గట్టు కట్టిననాడు నమ్మిందే చెప్పాలనుకున్నాను. "నీరుగంటి తూము మూసేస్తే" అన్నాను.

రాళ్ళు టిక్కు టిక్కుమన్నాయి.

"ఏ తూము?"

"సముద్రం తూము. దిబ్బ అవతల. రోజూ రెండు గడియలు ఆలిస్యంగా లేస్తాడు. బద్ధకం. రాత్రి దొంగనీళ్ళు కూడా వదలతాడు. సున్నుండలిస్తే బాగా దించుతాడు. నా డబ్బా అయిపోయింది, అందుకే గట్టు..."

వెనక ఒక ముసలాయన మొదలుపెట్టాడు. కర్ర వదిలేసి ఇసకలో కూలబడి నవ్వాడు. తర్వాత అందరూ. రాళ్ళ మీది కొంగలు లేచిపోయాయి. మా మామ అందరి కంటే గట్టిగా నవ్వాడు, ఆఫీసు గుమాస్తా అన్నది మరచిపోయి. పాలెం పెద్ద తలగుడ్డ విప్పి కళ్ళు తుడుచుకున్నాడు.

"ఎవురు చెప్పినారు సామీ నీకు?"

అప్పుడు చూశాను. ఆరేసిన వల వెనక రెండు జడలు. ఆ మొహంలో పోలీసు లేదు, ప్లీడరు లేదు. పదకొండేళ్ళ ఆడపిల్ల, పావడా అంచు నోట్లో కుక్కుకుని ఉంది. నవ్వు ఆపుకుంటూ మామ కూడా నా జవాబు కోసం చూస్తున్నాడు.

"ఎవురూ చెప్పలా. నాకే తెలిసింది" అన్నాను.

మళ్ళీ నవ్వులు. పాలెం పెద్ద ఉలి తీసి అవ్వ చేతిలో పెట్టాడు. "అబద్ధమాడాలంటే ఇంకొంచెం తెలివిగా ఆడతారు. ఇంత మాట ఎవురూ కల్పించలేరు. గట్టు ఈ బిడ్డే కట్టినాడు. రాయి అవ్వదే. ఒక ఏడాది మొదలు ముట్టుకోబాక, మళ్ళా పుడతాయి. వరసలో ఉన్న తల్లికి మన వలల్లో ఒక వాటా చేప తీసిపెడదాం" అన్నాడు.

అందరిలో అవ్వ ఒక్కతే నవ్వలేదు. "ఏం తప్పు చెప్పినాడు? మేం గంగమ్మ అంటాం, వాళ్ళ ఊళ్ళో నీరుగంటంటారు. ఎవురూ వదలకుండానే వస్తాయా ఇన్ని నీళ్ళు?" అంది. పెద్దలు అప్పుడు నవ్వు ఆపి సముద్రం వైపు చూశారు.

ఆ సాయంత్రం వదిన నా మంచం దగ్గరికి వచ్చి పావడా ముడిలోంచి ఒక సున్నుండ తీసి ఇచ్చింది. అదీ సగం కొరికినది. నా సున్నుండే నాకు దానం. కళ్ళల్లో నీళ్ళు చూసి, పోనీలే, కృతజ్ఞత ఉంది అనుకున్నాను. అన్నాల వేళకు ఆ నీళ్ళు దిగిపోయాయి. పక్కింటివాళ్ళు వచ్చి, "ఏందమ్మా మీ ఇంట్లో నీరుగంటి ఉండాడంట?" అని అడగడం ఆలస్యం, వదిన లేచి నిలబడి, నా గొంతు, నా కుంటి నడక, నా గంధకంతో సహా మొత్తం ఆడి చూపించింది. "తూము మరిది" అన్న పేరు మొదట ఆమె నోటినుంచే వచ్చింది. పేరు మా ఊరికి నాకంటే ముందు చేరింది. నేను తిరిగి వెళ్ళేసరికి మా నీరుగంటే నాకు దండం పెట్టాడు.

ఆ వేసవికి గజ్జి పోయింది, పరువు పోయింది. ఏడాది తర్వాత వదిన నెల్లూరు హాస్టలు నుంచి కార్డు రాసింది. మధ్యలో ఒక వాక్యం: "అవ్వ రాయి మొదట్లో గోరంత చిప్పలు పుట్టినాయి, నిన్ను అడిగింది." ఆ కార్డు చాలాకాలం దాచుకున్నాను. అవ్వను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు అటు పోతే దిబ్బ లేదు, కాలవ దారి మారింది, రాళ్ళు ఎక్కడ ఉండేవో వేలు పెట్టి చూపించగలవాళ్ళు లేరు. ఆ పువ్వుల పేరు ఒక పుస్తకంలో దొరికింది గానీ గుర్తుపెట్టుకోలేదు. తినేదీ కాదు, కరిచేదీ కాదు.

ఇన్నేళ్ళూ నేను నోరు విప్పలేదు. ఎక్కడ ఎవరు నవ్వినా నేనూ కలిసి నవ్వాను. వదిన చదివింది, టీచరయింది, హెడ్‌మిస్ట్రెస్ అయింది. అబద్ధమాడితే బెంచీ ఎక్కించే టీచరమ్మగా జిల్లా అంతా పేరు. ఈ మధ్య ఆమె పాత విద్యార్థులు ఆమెకు సన్మానం చేస్తూ ఒక సంచిక వేస్తున్నామనీ, వాళ్ళ టీచరమ్మ నిజాయితీ చిన్నప్పటినుంచే ఎలా ఉండేదో దగ్గరివాళ్ళుగా ఒక సంఘటన రాయమనీ నాకు ఉత్తరం రాశారు. వ్యాసాలన్నిటికీ ప్రూఫులు మేడమే దిద్దుతారు, తప్పు పోనివ్వరు అని కూడా రాశారు.

రాశాను. ఇదే. దిద్దుకో వదినా. అక్షరదోషాలు ఎన్నయినా కొట్టెయ్. నిజం ఒక్క వాక్యం కొట్టేసినా మాత్రం నువ్వే బెంచీ ఎక్కాలి.